పేరుపేరున ఒక స్నేహపు చీటి

(తల్లిదండ్రులకును ఆదివారపు బడి ఉపాధ్యాయులకును పాఠము)

చదువవలసిన భాగములు: 3 యోహాను, రోమా 16:1–16, లూకా 14:12–14

ఫిబ్రవరి నెల 14వ తేదీ సమీపించుకొలది నిజామాబాదు బజారులలోను బోధన్ అంగళ్లలోను ఎర్రని హృదయపు బొమ్మలు, కాగితపు గులాబీలు వ్రేలాడుట మనము చూచుచున్నాము. దానిని ప్రేమికుల దినమని పిలుచుటవలన మనలో అనేకమంది తల్లిదండ్రులు ఆ పేరెత్తుటకే ఇష్టపడరు. పసిపిల్లలకు దానితో పనియేమి అందురు. అయితే ఆ దినమున పసిపిల్లలు చేయదగిన మంచి పని యొకటి కలదు. అది తమ తరగతిలోని ప్రతి బిడ్డకును తమ చేతులతో ఒక చిన్న చీటి చేసి యిచ్చుట. దీనిని మన యిండ్లలో ఎట్లు చేయవచ్చునో, దానివలన మన పిల్లలు ఏమి నేర్చుకొనగలరో ఈ పాఠములో ఆలోచింతము. మనము దానిని స్నేహపు చీటి అని పిలిచినయెడల ఎవరికిని అభ్యంతరముండదు.

1. ఈ ఆచారము ఎక్కడిది?

రోమా సామ్రాజ్యములో 3వ శతాబ్దమున హతసాక్షియైన వాలెంటైను పేర ఈ దినము ఏర్పడెను. ఆయనను గూర్చి చెప్పుకొను కథలలో అనేకములు తరువాతి కాలమున చేరినవి. అందుచేతనే 1969లో రోమన్ కాథలిక్ సంఘము తన సార్వత్రిక పండుగల పట్టికనుండి ఈ దినమును తీసివేసెను. దీనిని ప్రేమతో ముడిపెట్టినవారు 14వ శతాబ్దపు ఆంగ్ల కవులు. వారిలో చాసరు ముఖ్యుడు. 1840లో ఇంగ్లాండులో ఒక పెన్నీకే ఉత్తరము పంపు తపాలా వచ్చినది మొదలుకొని సామాన్యులును చీటీలు పంపుకొనసాగిరి. ఆ దశాబ్దపు చివర అమెరికాలోని వూస్టర్ పట్టణములో ఎస్తేరు హౌలండ్ అను యువతి, తన తండ్రి యింటిలో స్నేహితురాండ్రను కూర్చుండబెట్టి, రంగు కాగితమును లేసును అంటించి చీటీలు చేయించి అమ్మెను. నేడు అంగడిలో దొరకు సరుకు కూడ ఇట్లు ఇంటి బల్లమీద చేతితో చేసిన పనినుండియే పెరిగినది.

అమెరికాలో కాపురమున్న మన తెలుగు కుటుంబములవారికి ఈ ఆచారము బాగుగా తెలియును. అక్కడి చిన్న తరగతులలో ఫిబ్రవరి మొదటి వారమున ఉపాధ్యాయురాలు పిల్లలందరి పేర్ల పట్టికను ఇంటికి పంపుట వాడుక. చీటీలు ఇచ్చినయెడల అందరికిని ఇయ్యవలెననునది అక్కడి అనేక పాఠశాలలలో నియమము. ఆ దేశపు గులాబీలను విడిచి ఆ నియమమును మనము తెచ్చుకొందము.

2. మొదట పేర్లు, తరువాత కాగితము

రోమీయులకు వ్రాసిన పత్రిక 16వ అధ్యాయమును మనలో అనేకులము త్వరగా దాటిపోవుదుము, ఏలయనగా అది పేర్ల పట్టిక. అయితే పౌలు ఆ పేర్లను దాటిపోలేదు. తాను అప్పటికి చూడని పట్టణములోని 20 మందికి పైగా మనుష్యులను ఆయన పేరుపెట్టి వందనము చేయుచున్నాడు. వారిలో స్త్రీలు కలరు, యూదులు కలరు, అన్యజనులు కలరు; ఆ కాలమున దాసులకు పెట్టు పేర్లు గలవారును కలరు. ఊరకే పేర్లు వ్రాసి విడువక, పలువురి ప్రక్కన ఒక్కొక్క మాట చేర్చెను. ఒకరు తనకొరకు ప్రాణాపాయమునకు తెగించిరి. ఒకరు మిక్కిలి ప్రయాసపడిరి. రూఫు తల్లి తనకును తల్లివంటిది.

యోహాను మూడవ పత్రిక ఇంకను చిన్నది; ఒక కాగితపు ప్రక్కన పట్టునంత. ఆ సంఘములో దియొత్రెఫే అనువాడు ప్రథమస్థానము కోరి, వచ్చిన సహోదరులను చేర్చుకొనకుండెను. చేర్చుకొనగోరిన వారిని సహా వెలివేయుచుండెను. అట్టి సంగతి వ్రాసిన పెద్ద, ఆ పత్రికను ఎట్లు ముగించెనో చూడుడి. అచ్చటి స్నేహితులను ఒక్కొక్కరిని పేరుపేరున పలుకరింపుమని గాయునకు చెప్పెను. వెలివేయుచున్న సంఘమునకు ఆయన పంపిన చివరి మాట అదే.

కాబట్టి చీటి చేయుటకు ముందు మీ బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని, తరగతిలోని అందరి పేర్లు చెప్పుమని అడుగుడి. మొదటి పది పేర్లు గడగడ చెప్పును. తరువాత తడుముకొనును. కొంతసేపటికి, "వెనుక కూర్చుండునే, ఆ పిల్ల" అనును. పేరు రాదు. మన పాఠము అక్కడనే మొదలగుచున్నది.

ఆ పేరురాని బిడ్డ ఎవరైయుండును? చెరకు నరకు కాలములో తల్లిదండ్రులతో వచ్చి కొన్ని నెలలే యుండి పోవు బిడ్డ కావచ్చును. 1937లో ఏర్పడి, ఒకప్పుడు ఆసియాలోనే గొప్పదని పేరుపొందిన బోధన్ శక్కర్‌నగర్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడెను. అట్లు పని పోయి తండ్రి ఊరు మారినప్పుడు, సంవత్సరము మధ్యలో క్రొత్త బడిలో చేరిన బిడ్డ కావచ్చును. మాటలాడుటలో నత్తి గల బిడ్డ కావచ్చును. అట్టివారికి ఆ తరగతిలో కొరత బువ్వయు బలపమును మాత్రమే కాదు. తమ పేరు పిలుచు నోరు కూడ కొరతయే. ఉపాధ్యాయునివద్దకు వెళ్లి పట్టిక అడిగి తెచ్చుకొనుడి. మీ తలంపును ఆయనకు ముందుగా చెప్పి అనుమతి పొందుడి.

3. చీటి చేయు విధము

తరగతిలో 42 మంది యున్నారనుకొందము. దినమునకు 6 చొప్పున 7 సాయంత్రములలో పని ముగియును. 7వ తేదీన మొదలుపెట్టినయెడల 13వ తేదీకి సిద్ధమగును. ఒకేసారి అన్నియు చేయింపబోకుడి. అలసిన పిల్లవానికి స్నేహపు చీటి శిక్షగా మారును.

కాగితము కొననక్కరలేదు. మాఘమాసపు పెండ్లి పత్రికలు ఇంటింట నుండును. వాటి వెనుకప్రక్క తెల్లగా నుండును. దేవతల చిత్రములు గాని ఉర్దూ పత్రికలలో పవిత్ర వాక్యములు గాని అచ్చువేసిన భాగమును కోయక ప్రక్కనుంచుడి. ఇరుగుపొరుగువారి మనస్సు నొప్పించి చేసిన స్నేహపు చీటి ఏపాటిది? పాత క్యాలెండరు కాగితములును పనికివచ్చును.

రంగునకు మన జిల్లా పంటయే చాలును. 2025లో జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయము ప్రారంభమైనది మన నిజామాబాదులోనే గదా. ఒక గిన్నె నీటిలో రెండు చెంచాల పసుపు కలిపి, ఆ నీటిని గుడ్డతో కాగితముపై పూసి నీడలో ఆరబెట్టుడి. ఎండలో పసుపు రంగు వెలిసిపోవును. ఆరిన తరువాత, తాంబూలపు సున్నము కలిపిన నీటి తేటలో పుల్లకు చుట్టిన దూది ముంచి కాగితముపై గీసినయెడల, గీసినచోట ఎర్రబారును. పసుపులోని రంగుపదార్థము సున్నమువంటి క్షారము తగిలినప్పుడు ఎర్రబడు గుణము గలది. పారాణి ఎర్రబడుటయు ఇందువలననే. సున్నము కంటిలో పడరాదు గనుక ఆ గీత పెద్దలే గీయవలెను. పిల్లలచేత గీయించుటకైతే సబ్బునీరు వాడుడి. రంగు కొంత తక్కువగా వచ్చును, అపాయముండదు.

హృదయాకారము గీయుటకు ఒక తమలపాకునుగాని, తోక త్రుంచిన రావి ఆకునుగాని కాగితముపై పెట్టి అంచు వెంబడి పెన్సిలు త్రిప్పిన చాలును. లేక కాగితమును రెండుగా మడిచి, మడత ప్రక్కన సగము ఆకారము గీసి కత్తిరించి విప్పవలెను. రెండు ప్రక్కలు సమముగా వచ్చును. నాలుగేండ్ల బిడ్డ జిగురు పూసి అంటింపగలడు. ఆరేండ్ల బిడ్డ మొన గుండ్రని కత్తెరతో కత్తిరింపగలడు. ఎనిమిదేండ్ల బిడ్డ పేర్లు వ్రాయగలడు. మైదాపిండిని నీటిలో కలిపి ఉడికించిన జిగురు ఒక సాయంత్రమునకు సరిపోవును.

పేరు వ్రాయునప్పుడు మన ప్రాంతపు భాగ్యమును మరువరాదు. బోధన్ వీధులలో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడును వినబడును. స్నేహితుని పేరు అతని యింటి భాషలో వ్రాయుట నేర్చుకొనుడి. మరాఠీ అక్షరములు హిందీ అక్షరములవంటివే. ఉర్దూ కుడినుండి ఎడమకు వ్రాయుదురు గనుక ఉర్దూ పేరుగల చీటి మన చీటికి ఎదురుప్రక్కకు తెరచుకొనవలెను. తెలియనియెడల పొరుగింటి వారిని అడుగుడి. అట్లు అడుగుటకు గడప దాటుటయు స్నేహములో భాగమే.

చీటీలన్నియు ఒకే కొలతలో నుండవలెను. ప్రియ స్నేహితునికి పెద్దది, ఇతరులకు చిన్నది చేసినయెడల మొదటి నియమము చెడును. మిఠాయి చేర్చవద్దు, చేర్పలేని తల్లి మనస్సు నొచ్చును. పట్టికలోని పేర్లకంటె మూడు చీటీలు ఎక్కువ చేసి పేరు వ్రాయక ఉంచుడి: ఒకటి ఆ దినముననే చేరు క్రొత్త బిడ్డకు, ఒకటి మధ్యాహ్న భోజనము వండు అమ్మకు, ఒకటి బడి ఊడ్చు మనిషికి. వారి పేర్లు కూడ బిడ్డ అడిగి తెలిసికొని అప్పుడే వ్రాయవలెను.

4. కష్టమైన పేరు

ప్రతి చీటిలోను ఆ బిడ్డను గూర్చి నిజమైన మాట ఒకటి వ్రాయించుడి. "నీవు నాకు రబ్బరు ఇచ్చితివి." "నీవు బాగుగా పరుగెత్తుదువు." పౌలు రోమావారి పేర్ల ప్రక్కన చేర్చిన మాటలు అట్టివే.

ఏదో యొక సాయంత్రము కష్టమైన పేరు వచ్చును. "వాడు నా పెన్సిలు గుంజుకొన్నాడమ్మా. వానికి నేను చెయ్యను" అని బిడ్డ చేయి వెనుకకు తీసికొనును. అప్పుడు మనము గద్దించి వ్రాయించినయెడల అబద్ధము నేర్పినవారమగుదుము. ఊరకొని ఆ పేరు కొట్టివేసినయెడల దియొత్రెఫే మార్గము నేర్పినవారమగుదుము. "బిడ్డా, వాడు చేసినది తప్పే. వానిలో నీవు చూచిన మంచి యొక్కటి జ్ఞాపకము చేసికొనుము, రేపు చేయుదము" అని ఆ చీటిని ప్రక్కన పెట్టుడి. మరునాడు బిడ్డ బడిలో అతనిని క్రొత్త కన్నులతో చూచును. ఏమియు దొరకనియెడల "నీతో ఆడుకొనవలెనని యున్నది" అని వ్రాయుటకు మనసొప్పునా అని అడుగుడి. ఏడు సాయంత్రములలో మిక్కిలి ప్రయాస ఈ ఒక్క చీటికే పట్టవచ్చును. మిగిలిన 41 చీటీలు దీనికి సాధకమని యెంచుడి.

5. తిరిగి ఇయ్యలేనివారు

లూకా సువార్త 14వ అధ్యాయములో ప్రభువు తన్ను భోజనమునకు పిలిచిన వానితో, తిరిగి పిలువగల ధనవంతులను విడిచి తిరిగి పిలువలేని బీదలను, అంగహీనులను విందునకు పిలువుమని చెప్పెను. మన పిల్లలకు ఈ మాట ముందుగానే చెప్పవలెను. 42 చీటీలు ఇచ్చి యింటికి వచ్చునప్పుడు సంచిలో ఒక్కటియు లేకపోవచ్చును. "నాకెవరును ఇయ్యలేదు" అని ఏడ్చినయెడల ఆ దుఃఖమును తేలిక చేయవద్దు. వెనుక కూర్చుండు పిల్ల ప్రతిదినము ఎట్లు ఇంటికి వెళ్లునో ఆ సాయంత్రము బిడ్డకు కొంత అర్థమగును.

ఈ పాఠమునకు సాక్ష్యము మన జిల్లాలోనే కలదు. కుష్ఠరోగులను ఊరి వెలుపల ఉంచిన దినములలో, వెస్లియన్ మెథడిస్టు మిషనుకు చెందిన డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ డిచ్‌పల్లిలో 1915లో విక్టోరియా ఆసుపత్రిని తెరచిరి. దానికి ధనసహాయము చేసిన రాజా నర్సా గౌడ్ హిందువు. వెలివేయబడినవారిని రోగులుగా, మనుష్యులుగా చేర్చుకొనుటకు రెండు మతములవారి చేతులు కలిసెను. నేడు ఆ వ్యాధి మందులతో పూర్తిగా నయమగును. చికిత్స పొందుచున్న బిడ్డ అందరితో కలిసి బడిలో కూర్చుండవచ్చును. అయినను భయము మందులకంటె ఆలస్యముగా పోవును. అట్టి బిడ్డ చేతికి చీటి నందించి, ఆ చేతిని పట్టుకొని ఆటకు తీసికొనిపోవుట మన పిల్లలు చేయగల పనియే.

6. సిరాకంటె మేలైనది

యోహాను మూడవ పత్రిక వ్రాసిన పెద్ద, తాను చెప్పవలసినవి అనేకములున్నను సిరాతో వ్రాయుట తనకిష్టము లేదనియు, త్వరలో ఎదురెదురుగా మాటలాడుకొనవలెనని ఆశించుచున్నాననియు చెప్పెను. చీటి పని కూడ అంతవరకే. 15వ తేదీన ఆ కాగితములు కొన్ని చినిగిపోవును, కొన్ని వానపాలగును. అయితే ఆ ఉదయము మన బిడ్డ వెనుక వరుసవైపు తిరిగి ఆ పిల్లను పేరుపెట్టి పిలిచెనా? పిలిచినయెడల మన పసుపు, మన జిగురు, మన ఏడు సాయంత్రములు వ్యర్థము కాలేదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ఆదివారపు బడిలోని పిల్లలందరి పేర్లు మనకు తెలియునా? మానివేసినవారి పేర్లు?

2. మనము పెద్దలమై కొట్టివేసిన పేరు ఏది? ఆ పేరు ప్రక్కన వ్రాయదగిన నిజమైన మంచి మాట యొకటి కలదా?

3. ఈ నెలలో తిరిగి ఇయ్యలేని ఒకరిని మన యింటికి పిలువగలమా?