అటక మీది పాత లెన్సు ఇంకా ఎందుకు బాగా పనిచేస్తుంది?

చాలా ఇళ్లలో అటక మీదో, బీరువా అడుగు అరలోనో ఒక పాత ఫిల్ము కెమెరా ఉంటుంది. తాతగారిదో, పెదనాన్నగారిదో. తోలు సంచి బిగుసుకుపోయి ఉంటుంది. ఫిల్ము దొరకదు, దొరికినా కడిగి ప్రింటు వేసే స్టూడియో ఊళ్లో మిగల్లేదు. చివరికి ఆ కెమెరా పాత సామాన్లు కొనేవాడి బస్తాలోకి చేరుతుంది. అలా ఇచ్చేసే ముందు దాని లెన్సును ఒకసారి చూడండి. ముందు అంచు మీద 50, 55, 58 లాంటి అంకె, దాని పక్కన 1:1.8 అనో 1:2 అనో రాసి ఉంటే, కెమెరా ఆయుష్షు తీరినా లెన్సు ఆయుష్షు తీరలేదని అర్థం. ఈనాటి డిజిటల్ కెమెరాకు దాన్ని తగిలించి, దాని స్వభావం తెలుసుకుని వాడితే, అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన కొత్త లెన్సుతో తీసిన ఫొటోకూ దీనితో తీసిన ఫొటోకూ తేడా చెప్పడం చాలాసార్లు కష్టమవుతుంది.

డబ్బు లేక ఫొటోగ్రఫీ మానుకునే విద్యార్థులకు ఇది పనికొచ్చే సంగతే. అయితే ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. ఇది ఇంత చవక ఎందుకు? ఇంత బాగా ఎందుకు పనిచేస్తుంది? ఈ రెండిటికీ జవాబు ఒకటి కాదు. ధర తగ్గడానికి కారణం గాజులో లేదు, గాజు వెనకున్న లోహపు చుట్టులో ఉంది.

రెండు మిల్లీమీటర్ల కథ

1960, 70లలో అద్దం ఉన్న ఫిల్ము కెమెరా, అంటే ఎస్‌ఎల్‌ఆర్, కొంటే దానితోపాటే 50 మి.మీ. ప్రాంతపు లెన్సు రావడం మామూలు. మాస్కో దగ్గర క్రాస్నోగోర్స్క్ కర్మాగారంలో తయారైన జెనిత్-ఇ అనే ఒక్క మోడలే 30 లక్షలు దాటింది. జపాన్ కంపెనీలవీ కలుపుకుంటే ఇలాంటి లెన్సులు లోకంలో ఎన్ని ఉన్నాయో ఊహించుకోవచ్చు. 1985లో మినోల్టా తన 7000 కెమెరాతో ఆటోఫోకస్‌ను జనంలోకి తెచ్చింది. 1987లో కెనాన్ తన పాత ఎఫ్‌డీ అమరికను పూర్తిగా వదిలేసి ఇఎఫ్ అనే కొత్త అమరికకు మారింది. దాంతో పాత లెన్సులు అనాథలయ్యాయి.

అనాథలెందుకయ్యాయో లెక్క వేసి చూద్దాం. లెన్సు కెమెరాకు ఆనే అంచు నుంచి ఫిల్ము వరకు ఉండే దూరం ప్రతి కంపెనీకీ వేరు. కెనాన్ ఎఫ్‌డీలో అది 42 మి.మీ., ఇఎఫ్‌లో 44 మి.మీ. పాత లెన్సును కొత్త కెమెరాకు ఎలా తగిలించినా అది ఉండాల్సిన చోటు కంటే కనీసం 2 మి.మీ. ముందుకు జరిగి ఉంటుంది. రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. పదో తరగతి భౌతికశాస్త్రంలోని కటక సూత్రాన్నే తీసుకోండి. నాభ్యంతరం 50 మి.మీ., ప్రతిబింబ దూరం 52 మి.మీ. అనుకుంటే వస్తుదూరం 1,300 మి.మీ. వస్తుంది. అంటే 1.3 మీటర్లకు అవతల ఉన్నదేదీ స్పష్టంగా రాదు. ఎదుట కూర్చున్న మనిషి వస్తాడు, వీధి చివరి గుడి గోపురం రాదు. మధ్యలో మరో గాజు కటకం పెట్టి సరిచేయవచ్చు గాని, చవక గాజు పెడితే బొమ్మ నాణ్యత పోతుంది.

2008 నుంచి మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాయి. లోపల అద్దం లేదు, అది కదలడానికి చోటూ అక్కర్లేదు. సోనీ ఇ అమరికలో ఆ దూరం 18 మి.మీ. మాత్రమే, నికాన్ జెడ్‌లో 16. పాత మరలుచుట్ల లెన్సులకు, అంటే ఎం42 రకానికి, కావలసింది 45.46 మి.మీ. మిగిలిన 27.46 మి.మీ.ను ఒక బోలు లోహపు గొట్టం నింపేస్తుంది. దాన్నే అడాప్టర్ అంటారు. అందులో గాజు లేదు, విద్యుత్తు లేదు, పాడయ్యేది ఏమీ లేదు. ఇరవై ఏళ్లు ఎవరూ అడగని ఎఫ్‌డీ లెన్సులకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది ఇందుకే.

ఎదురెదురుగా నిలిచిన రెండు సగాలు

ఇక రెండో ప్రశ్న. ఒంటరి కుంభాకార కటకం మంచి ఫొటో తీయలేదు. అంచుల గుండా వెళ్లిన కిరణాలు ఒకచోట, మధ్య నుంచి వెళ్లినవి మరోచోట కలుస్తాయి. నీలం, ఎరుపు వేర్వేరు దూరాల్లో కేంద్రీకరించుకుంటాయి. గోడ గీతలు వంగుతాయి, మూలల్లోని చుక్కలకు తోకలు మొలుస్తాయి. లెన్సు తయారీ అంటే ఈ దోషాలను ఒకదానితో ఒకటి కొట్టివేయించడమే.

జర్మన్ గణితవేత్త గాస్ 1817లో దూరదర్శిని కోసం నెలవంక ఆకారపు రెండు కటకాల జతను సూచించాడు. 1888లో అమెరికాలో ఆల్వన్ క్లార్క్ అలాంటి జతలు రెండింటిని వీపు వీపు ఆనించినట్టు అమర్చి పేటెంటు తీసుకున్నాడు. 1896లో జర్మనీలోని జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ ఆ ఊహకు ప్రాణం పోసి ప్లానార్ అనే లెన్సు చేశాడు. కాంతిని నియంత్రించే రంధ్రం మధ్యలో, దానికి రెండువైపులా దాదాపు ఒకేలాంటి గాజుల వరస. మొదటి సగం చేసిన తప్పును రెండో సగం తిరగేసి చేస్తుంది. మొగ్గిన తక్కెడకు రెండో పళ్లెంలో చిన్న రాయి వేసి సరిచేసినట్టు, గీతల వంపు, చుక్కల తోకలు, మూలల్లోని రంగు అంచులు చాలావరకు వాటంతటవే రద్దవుతాయి. దూరపు వస్తువులకు ఈ రద్దు పరిపూర్ణం కాదు. అందుకే తర్వాతివాళ్లు రెండు సగాలనూ కొంచెం అసమానం చేశారు. ఇంగ్లండులో 1920లో హోరేస్ లీ అలా చేసి ఎఫ్/2 వరకు తెరుచుకునే లెన్సు సాధించాడు. జైస్‌లో విల్లీ మెర్టే 1927లో బయోటార్ చేశాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ 58 మి.మీ. బయోటార్ ఆధారంగానే సోవియట్ ఇంజినీర్లు హీలియోస్-44 తయారుచేశారు. జెనిత్ కెమెరాల ముందు కనిపించేది అదే.

ఈ లెక్కలన్నీ మొదట్లో చేతితో చేసినవే. ఒక్కో కిరణం ఒక్కో గాజు ఉపరితలం దగ్గర ఎంత వంగుతుందో సంవర్గమాన పట్టికలు ముందు పెట్టుకుని గణకులు కట్టేవారు. కంప్యూటర్లు వచ్చేనాటికి ఈ ఆరు గాజుల లెన్సు దాదాపు పరిష్కరించేసిన సమస్య. పైగా 50 మి.మీ. అనేది తేలికైన నాభ్యంతరం. దృశ్యం మరీ వెడల్పు కాదు, లెన్సు వెనక అద్దం ఊగడానికి కావలసినంత చోటూ ఉంటుంది. అదే 28 మి.మీ. లెన్సయితే అద్దానికి తగలకుండా ఉండడానికి దాన్ని బలవంతంగా ముందుకు జరపాలి. అందుకు గాజులు పెరుగుతాయి, దోషాలూ పెరుగుతాయి. పాత వైడ్ లెన్సులు, పాత జూమ్‌లు చాలావరకు నిరాశపరచడానికి కారణం ఇదే. చవకగా వచ్చిందని పాత జూమ్ కొనకండి.

వంద నానోమీటర్ల పూత

ప్లానార్ పుట్టగానే లోకాన్ని ఏలలేదు. ఆరు గాజులు, వాటిలో కొన్ని అతికినవి, వెరసి గాలి తగిలే ఉపరితలాలు ఎనిమిది. మామూలు గాజు ప్రతి ఉపరితలం దగ్గరా సుమారు 4 శాతం కాంతిని వెనక్కి కొడుతుంది. ఎనిమిది దాటేసరికి 72 శాతమే మిగులుతుంది. పోయిన కాంతి పోతే పోయింది, కానీ అది ఊరికే పోదు. లోపలే అటూ ఇటూ తిరిగి చివరికి ఫిల్ము మీద పడుతుంది. నల్లగా ఉండాల్సినవి బూడిదరంగుకు తిరుగుతాయి.

పాతబడి, పైన మసక కట్టిన లెన్సులే ఎక్కువ కాంతిని పంపుతున్నాయని 1890లలోనే ఇంగ్లండులో డెనిస్ టేలర్ గమనించాడు. దాన్ని నమ్మకంగా తయారుచేసే పద్ధతి 1935లో జైస్‌లోని అలెగ్జాండర్ స్మకూలా చేతికి చిక్కింది. శూన్యంలో ఒక ఫ్లోరైడును ఆవిరి చేసి గాజు మీద పలుచని పొరగా పట్టించాడు. తర్వాత ఈ పనికి స్థిరపడిన మెగ్నీషియం ఫ్లోరైడు పొర మందం సుమారు 100 నానోమీటర్లు, అంటే ఆ పదార్థంలో పచ్చకాంతి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు. పొర పైనుంచి వెనుదిరిగిన తరంగమూ, పొర అడుగు నుంచి వెనుదిరిగిన తరంగమూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పరావర్తనం 4 నుంచి సుమారు 1.3 శాతానికి దిగుతుంది. ఎనిమిది ఉపరితలాలు దాటాక మిగిలే కాంతి 90 శాతం. పాత లెన్సును దీపం కింద వంచి చూస్తే కనిపించే ఊదా, నీలి మెరుపు ఈ పొరదే. 1971లో పెంటాక్స్ టకుమార్ లెన్సులకు అనేక పొరల పూత వచ్చింది. కొనేటప్పుడు ఒకే పొర ఉన్నదానికీ, పలు పొరలు ఉన్నదానికీ ధరలో పెద్ద తేడా లేకపోతే రెండోదే మేలు.

ఎనిమిది దగ్గర అందరూ ఒకటే

పూర్తిగా తెరిచి, ఎఫ్/2 దగ్గర తీస్తే పాత లెన్సు వయసు తెలుస్తుంది. మధ్య భాగం బాగానే ఉంటుంది గాని కొంచెం మంచు పట్టినట్టు మెత్తగా, మూలలు ఇంకా మెత్తగా వస్తాయి. చెట్టు కొమ్మల అంచున ఊదా గీత కనిపిస్తుంది. హీలియోస్‌తో అయితే వెనక ఆకుల మధ్య వెలుగు చుక్కలు సుడి తిరిగినట్టు కనిపిస్తాయి. అది దోషమే, కానీ ఇప్పుడు దానికోసమే కొనేవాళ్లున్నారు!

రంధ్రాన్ని ఎఫ్/8 వరకు చిన్నది చేయండి. దోషాలు ఎక్కువగా తెచ్చే అంచు కిరణాలు ఆగిపోతాయి. ఇప్పుడు స్పష్టతకు హద్దు వేసేది లెన్సు తయారుచేసినవాడు కాదు, కాంతే. చిన్న రంధ్రం గుండా వచ్చిన కాంతి వివర్తనం వల్ల బిందువుగా కాక చిన్న బిళ్లగా పడుతుంది. దాని వ్యాసం తరంగదైర్ఘ్యానికి 2.44 రెట్లను ఎఫ్ సంఖ్యతో హెచ్చిస్తే వస్తుంది. పచ్చకాంతికి ఎఫ్/8 దగ్గర అది 10.7 మైక్రాన్లు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మీద 24 మెగాపిక్సెళ్లుంటే ఒక్కో పిక్సెల్ వెడల్పు 6 మైక్రాన్లు. అంటే బిళ్ల పిక్సెల్ కంటే పెద్దది. లక్ష రూపాయల లెన్సుకైనా ఈ బిళ్ల తప్పదు. మధ్య భాగంలో పాతదీ కొత్తదీ ఒకే గోడ దగ్గర ఆగిపోతాయి.

ఎదురు వెలుగులో మాత్రం కొత్తదే గెలుస్తుంది. పైగా ఫిల్ము కంటే సెన్సర్ ఎక్కువ మెరుస్తుంది. దాని మీంచి వెనక్కి తుళ్లిన కాంతి పాత లెన్సు వెనక గాజును తాకి మళ్లీ వస్తుంది. లెన్సు ముందు ఒక రబ్బరు హుడ్ తగిలిస్తే పక్కల నుంచి వచ్చే వెలుగు బాధ చాలావరకు తీరుతుంది.

పసుపు గాజు

కొన్ని పాత లెన్సుల్లోంచి తెల్ల కాగితాన్ని చూస్తే టీ మరకలా కనిపిస్తుంది. ఏడు గాజుల సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 ఇందుకు పేరుపొందింది. వక్రీభవన గుణకం పెంచడానికి ఆ గాజులో థోరియం ఆక్సైడు కలిపారు. దాని రేడియోధార్మికత దశాబ్దాలపాటు గాజునే కొట్టి పసుపు తెప్పించింది. తర్వాత థోరియం స్థానంలోకి లాంథనం వచ్చింది. విచిత్రమేమిటంటే ఈ రెండు మూలకాలూ మోనజైట్ అనే ఖనిజంలో దొరుకుతాయి. భీమునిపట్నం, కళింగపట్నం తీరాల ఇసుకలో ఉన్నది అదే.

కెమెరాకు తగిలించి వాడితే వచ్చే వికిరణం చాలా తక్కువ. అయినా ఆ గాజును గీకడం, పగలగొట్టడం, అరగదీయడం వద్దు. అతినీలలోహిత దీపం కింద కొన్ని రోజులుంచితే పసుపు తగ్గుతుంది. కిటికీలో ఎండకు మాత్రం పెట్టి వెళ్లిపోకండి. అది కటకం, కింద ఉన్న కర్టెనుకు నిప్పంటుకోగలదు.

బూజు చూసి కొనండి

మన వాతావరణంలో పాత లెన్సుకు అసలు శత్రువు వయసు కాదు, బూజు. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో తోలు సంచిలో మూసిపెట్టిన లెన్సుకు ఇది దాదాపు తప్పదు. సంచి తేమను పట్టి ఉంచుతుంది, చీకటి తోడవుతుంది. బూజు వదిలే ఆమ్లాలు పూతను తినేస్తాయి. ఒకసారి తిన్నాక తుడిచినా మచ్చ పోదు. కొనేముందు రంధ్రం పూర్తిగా తెరిచి వెనకనుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి చూడండి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే వదిలేయండి. నాలుగు దుమ్ము రేణువులు, ముందు గాజు మీద ఒక సన్న గీత బొమ్మను పాడుచేయవు. వాటిని చూపించి బేరమాడండి. రంధ్రపు రేకులకు నూనె అంటిందేమో, ఫోకస్ చుట్టు బిగుసుకుందేమో తిప్పి చూడండి.

ఇంటికి తెచ్చాక గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో ఉంచండి. తడిసిన ఫోన్లను బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మనకుంది. లెన్సును అలా పెట్టకండి. బియ్యపు పొడి లోపలికి చేరితే బూజుకు మనమే వడ్డించినట్టు.

కెమెరా మెనూలో 'లెన్సు లేకున్నా ఫొటో తీయి' అన్న అమరికను ఆన్ చేయాలి, లేకపోతే బటన్ నొక్కినా కదలదు. కొన్ని కెమెరాల్లో ఫోకస్ కుదిరిన అంచులు రంగులో మెరిసేలా పెట్టుకోవచ్చు. చేతితో ఫోకస్ చేయడానికి అది మంచి ఆసరా. కెమెరాలో వణుకును ఆపే ఏర్పాటు ఉంటే 50 లేదా 58 అని నాభ్యంతరం మీరే చెప్పాలి.

తర్వాత వార్తాపత్రిక పెద్ద కాగితం ఒకటి గోడకు చదునుగా అతికించండి. కెమెరాను స్టాండు మీద దానికి సూటిగా నిలిపి, ఫోకస్‌ను జూమ్ చేసి చూసుకుని, ఎఫ్/2, 4, 8 దగ్గర ఒక్కొక్క ఫొటో తీయండి. కంప్యూటర్లో పెద్దది చేసి నడుమనున్న అక్షరాలనూ నాలుగు మూలల అక్షరాలనూ పోల్చండి. నాలుగు మూలలూ ఒకేలా మెత్తగా ఉండి ఎఫ్/8కి తేరుకుంటే మీ లెన్సు బాగుంది. కెమెరాను మళ్లీ సూటిగా సర్ది తీసినా ఒకవైపు మూలలే మసకగా వస్తుంటే లోపల ఏదో గాజు పక్కకు ఒరిగిందన్నమాట. అమ్మినవారికి వెంటనే తిప్పి ఇచ్చేయండి.