సిడ్నీలో రమ్ము తిరుగుబాటు

జనవరి 26 భారతదేశానికి గణతంత్ర దినోత్సవం. మనం నివసించే ఈ దేశానికి ఆస్ట్రేలియా దినోత్సవం. 1808లో అదే తేదీన సిడ్నీలో సైనికులు తమ గవర్నరునే బంధించారు. ఎందుకో తెలుసుకొందాం.

ఆనాడు న్యూ సౌత్ వేల్స్ బ్రిటన్‌కు వలసరాజ్యం. శిక్ష పడిన ఖైదీలను ఓడలలో ఇక్కడికి పంపేవారు. వారికి కాపలాగా న్యూ సౌత్ వేల్స్ దళం ఉండేది. ఇక్కడ నాణేలు చాలా తక్కువ. అందువల్ల కూలికీ, ధాన్యానికీ వెలగా రమ్ము అనే మద్యాన్ని ఇచ్చేవారు. ఓడలలో వచ్చిన రమ్మును సైనికాధికారులు చౌకగా కొని, అధిక ధరకు మార్చి ధనవంతులయ్యారు. రైతు పండించిన గోధుమలు వారి కొట్లకు చేరేవి. రైతుకు అప్పులు మిగిలేవి.

1806లో విలియం బ్లై గవర్నరుగా వచ్చాడు. 1789లో బౌంటీ ఓడ నావికులు తిరగబడి చిన్న పడవలో వదిలివేయగా, 47 రోజులు ప్రయాణించి తీరం చేరిన ధీరుడాయన. అయితే ముక్కోపి, పరుషభాషి. సరుకులకు మారుగా రమ్ము ఇవ్వరాదని 1807లో ఆయన శాసించాడు. హాక్స్‌బరీ నదీతీరపు చిన్న రైతులు ఆయన పక్షాన నిలిచారు. సైనికాధికారులూ, ధనికుడైన జాన్ మెకార్థరూ పగబట్టారు.

1808 జనవరి 25న మెకార్థర్‌పై విచారణ మొదలైంది. న్యాయస్థానంలో కూర్చున్న ఆరుగురు సైనికాధికారులు అతనినే సమర్థించారు. వారిపై రాజద్రోహ నేరం మోపుతానని బ్లై హెచ్చరించాడు. మరునాటి సాయంత్రం మేజర్ జార్జ్ జాన్‌స్టన్ సైన్యాన్ని గవర్నరు భవనానికి నడిపించాడు. బ్లై కుమార్తె మేరీ సైనికులకు ఎదురు నిలిచింది. అయినా గవర్నరు బందీ అయ్యాడు.

మంచం కింద దాగిన బ్లైను సైనికులు బయటకు లాగుతున్నట్లు ఒక చిత్రం వెలువడింది. తాను భయంతో దాగలేదనీ, పత్రాలను దాచుతున్నాననీ బ్లై చెప్పాడు.

దాదాపు రెండేళ్లు తిరుగుబాటుదారులే పాలించారు. 1810లో లాక్లన్ మెక్వారీ గవర్నరయ్యాడు. ఆ దళాన్ని బ్రిటన్ వెనక్కు పిలిపించింది. 1811లో లండన్‌లోని సైనిక న్యాయస్థానం జాన్‌స్టన్‌ను ఉద్యోగం నుండి తొలగించింది.

పాలకుడు కఠినుడైతే ఫిర్యాదు చేయవచ్చు. కాని ఆయుధం ధరించినవారే న్యాయాన్నీ నిర్ణయిస్తే, ఆయుధం లేని రైతు ఎవరికి చెప్పుకోవాలి?

పదాలు – అర్థాలు
వెల: ధర
పరుషభాషి: కఠినంగా మాట్లాడేవాడు
రాజద్రోహం: రాజుకు ఎదురుతిరిగే నేరం

ఆలోచించి రాయండి
1. రమ్ము నాణెంగా మారడం వల్ల ఎవరు లాభపడ్డారు? ఎవరు నష్టపోయారు?
2. మంచం చిత్రాన్ని బ్లై మిత్రులు గీయించి ఉంటే ఎలా ఉండేది?