నెట్‌రన్నర్‌కి మన అరకు కార్డు: రూల్ నుంచి ప్రింట్ దాకా

మ్యాజిక్: ది గ్యాదరింగ్ సృష్టించిన రిచర్డ్ గార్ఫీల్డే 1996లో నెట్‌రన్నర్ అనే సైన్స్ ఫిక్షన్ కార్డ్ గేమ్ కూడా తెచ్చాడు. ఒకరు కార్పొరేషన్, ఇంకొకరు దాని సర్వర్లలోకి చొరబడే రన్నర్. ముందు 7 అజెండా పాయింట్లు తెచ్చుకున్నవాళ్లదే గెలుపు. 2012లో ఇదే గేమ్ ‘ఆండ్రాయిడ్: నెట్‌రన్నర్’గా మళ్లీ వచ్చింది (మన ఫోన్లలో ఉండే ఆండ్రాయిడ్‌తో సంబంధం లేదు!). 2018లో అది ఆగిపోయాక అభిమానులే నల్ సిగ్నల్ గేమ్స్‌గా ఏర్పడి కొత్త కార్డులు చేస్తున్నారు. మరి మన అరకు మీద ఒక కార్డు చేస్తే ఎలా ఉంటుంది?

చాలామందికి వెంటనే తట్టేది థింసా డాన్స్ బొమ్మ. నాకది నచ్చదు. బొమ్మ మార్చినంత మాత్రాన కార్డు మనదైపోదు, రూల్‌లో ఆ ఊరి కథ ఉండాలి.

అరకులో అలాంటి కథ ఉంది. బొర్రా చుట్టుపక్కల అనంతగిరి మండలం గ్రామాల్లో మైనింగ్ లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూముల్ని మైనింగ్ కోసం ప్రైవేట్ కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. కార్పొరేషన్‌కి ఎదురుతిరిగే గేమ్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

కాబట్టి రన్నర్‌కి ‘సమత తీర్పు’ అనే ఈవెంట్ కార్డు రాద్దాం. ‘కార్ప్ స్కోర్ చేసిన ఒక అజెండాను రద్దు చేయి’ అని రాసేయాలనిపిస్తుంది. కానీ లెక్క చూడండి. ఒక డెక్‌లో ఒకే కార్డు 3 కాపీలు పెట్టొచ్చు. 2 పాయింట్ల అజెండాలు మూడు పోతే కార్ప్‌కి 6 పాయింట్లు గల్లంతు. ఇక గేమే ఉండదు.

నా వెర్షన్ ఇది: ‘ఖర్చు 2 క్రెడిట్లు. కార్ప్‌కి బ్యాడ్ పబ్లిసిటీ ఉంటేనే ఆడాలి. ఇన్‌స్టాల్ అయి ఉన్న ఒక కార్డు మీది అడ్వాన్స్‌మెంట్ కౌంటర్లన్నీ తీసేయి.’ కార్ప్‌కి టర్న్‌కి 3 క్లిక్‌లు. ఒక క్లిక్‌తో అజెండా పెట్టి, మిగతా రెండింటితో రెండు కౌంటర్లు వేస్తుంది, ఒక్కో కౌంటర్‌కి ఒక క్రెడిట్. మన కార్డు పడితే ఆ 2 క్లిక్‌లు, 2 క్రెడిట్లు వృథా. రన్నర్‌కి పోయేది 1 క్లిక్, 2 క్రెడిట్లు, ఒక కార్డు. సరిపోయింది. పైగా పూర్తికాని లీజు ఆగిపోవడం అసలు కథకీ దగ్గరగా ఉంది. బ్యాడ్ పబ్లిసిటీ షరతు మాత్రం తీసేయకండి, జనంలో చెడ్డపేరు రాకుండా ఏ కంపెనీ వెనక్కి తగ్గుతుంది?

ఇక ప్రింట్. కార్డు సైజు 63 × 88 మి.మీ., అంటే 300 డీపీఐలో సుమారు 744 × 1039 పిక్సెల్స్. ఒక మెగాపిక్సెల్ కూడా కాదు, బొమ్మకి మీ పాత ఫోన్‌తో తీసిన కొండల ఫొటో చాలు. గేమ్ వాళ్ల ఆర్ట్ వాడొద్దు.

అసలు చిక్కు తెలుగు అక్షరాలతోనే. పైథాన్‌లో పిల్లో లైబ్రరీతో కార్డులు తయారుచేస్తుంటే రాఖ్మ్ లేఅవుట్ ఇంజిన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ‘తీర్పు’లో పకార వత్తు విడిపోతుంది. కోడ్ వద్దనుకుంటే ఇంక్‌స్కేప్‌లో నోటో సాన్స్ తెలుగు వాడండి. ఇంగ్లిష్‌కి పెట్టే లైన్ గ్యాప్ మనకి చాలదు, పై లైను వత్తులు కింది లైను గుడులకి తగులుతాయి. గ్యాప్ పెంచితే టెక్స్ట్ బాక్స్‌లో పట్టే లైన్లు తగ్గుతాయి, అప్పుడు ఫాంట్ చిన్నది చేయకుండా రూల్‌లోనే మాటలు తగ్గించండి.

మామూలు కాగితం మీద ప్రింట్ తీసి, స్లీవ్‌లో పాత కార్డు ముందు పెట్టి ఓ పది గేమ్‌లు ఆడండి. రెండు వైపులా కూర్చుని ఆడాలి సుమా.