ఫొటో కింద నాలుగు వరుసలు

మన విద్యాలయాల్లో చదివేవాళ్లలో చాలామందికి పదో తరగతికి వచ్చేసరికి మూడు నాలుగు ఊళ్లు మారిపోతాయి. ఊరు మారితే క్వార్టర్ మారుతుంది, వీధిలో వినిపించే భాష మారుతుంది, పక్క బెంచీ స్నేహితులు మారతారు. ఆకాశం మాత్రం ఎక్కడైనా ఒకటేనని పెద్దవాళ్లు అంటుంటారు. అది సగమే నిజం. నక్షత్రాలు అవే, కానీ అవి కనిపించే ఎత్తు ఊరినిబట్టి మారుతుంది.

అగస్త్య నక్షత్రాన్నే తీసుకుందాం. రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత అత్యంత ప్రకాశవంతమైనది ఇదే. తిరువనంతపురంలో ఉన్నవారికి దక్షిణ దిక్కున దాదాపు 29 డిగ్రీల ఎత్తు వరకు వస్తుంది. హైదరాబాదులో 20 డిగ్రీలు. ఢిల్లీలో 9 డిగ్రీలకు కూడా చేరదు. లేహ్‌లో 3 డిగ్రీలు, అక్కడ చుట్టూ కొండలే కాబట్టి అది కనిపిస్తే అదృష్టం. అగస్త్య మహర్షి వింధ్య పర్వతం దాటి దక్షిణానికి వెళ్లి మళ్లీ తిరిగి రాలేదని కథ ఉంది కదా. బదిలీ మీద వెళ్లి అక్కడే స్థిరపడిపోయిన మొదటి ఉద్యోగి ఆయనేనేమో అని మా క్లబ్‌లో నవ్వుకుంటాం. ధ్రువనక్షత్రం సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఉత్తరానికి పోయేకొద్దీ అది పైకి లేస్తుంది. మీ ఊరి అక్షాంశం ఎంతో, ధ్రువనక్షత్రం ఎత్తు ఇంచుమించు అంతే.

ఒకే వారంలో తిరువనంతపురం, హైదరాబాదు, ఢిల్లీ నుంచి తీసిన మూడు అగస్త్య ఫొటోలను పక్కపక్కన పెడితే, భూమి గుండ్రంగా ఉందన్న పాఠం కళ్లముందే ఉన్నట్టు. అయితే ఆ ఫొటోల కింద ఊరి పేరు లేకపోతే? అవి మూడు తెల్ల చుక్కలు, అంతే.

ఆకాశాన్ని సరదాగా ఫొటోలు తీసే ఔత్సాహికులు ప్రపంచమంతటా వేలల్లో ఉన్నారు. పగలు వేరే ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు మేడమీదో పొలంలోనో కెమెరా పెట్టుకుని కూర్చుంటారు. తీసిన బొమ్మల్ని ఒకరికొకరు చూపించుకుంటారు. మేము వాళ్ల దగ్గర గమనించిన మంచి అలవాటు ఒకటుంది. బొమ్మ ఒక్కటే పంపరు. దాని కింద నాలుగు వరుసలు రాస్తారు: ఎక్కడి నుంచి తీశారో, ఏ తేదీన ఎన్ని గంటలకో, ఏ కెమెరాతో ఎంతసేపు తీశారో, ఆ తర్వాత కంప్యూటర్‌లో ఏం మార్చారో. ఈ వ్యాసం ఆ నాలుగు వరుసల గురించే.

ఈ పనిలో ఔత్సాహికుల చరిత్ర పాతదే. ఓరియన్ నెబ్యులాను మొట్టమొదట ఫొటో తీసిన హెన్రీ డ్రేపర్ అమెరికాలో వైద్యం చదివిన వ్యక్తి. 1880 సెప్టెంబరు 30న 51 నిమిషాలపాటు వెలుగును ప్లేటు మీద పట్టి ఆ బొమ్మ తీశాడు. మూడేళ్ల తర్వాత లండన్ దగ్గర తన ఇంటి తోటలో ఆండ్రూ కామన్ అనే ఇంజనీరు తీసిన ఫొటోలో, టెలిస్కోపులో కంటికి కనపడని నక్షత్రాలు కూడా పడ్డాయి. కన్ను వెలుగును కూడబెట్టుకోలేదు, ప్లేటు కూడబెట్టుకోగలదు. మన హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ సొంత ఆసక్తితో 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి 1901లో ఏర్పాటు చేసిన వేధశాలే తర్వాత నిజామియా అబ్జర్వేటరీ అయింది. ప్రపంచ దేశాలు ఆకాశాన్ని వంతులవారీగా పంచుకుని ఫొటో తీసిన మహా పథకంలో దానికీ వాటా దక్కింది. అక్కడ గాజు ప్లేట్ల మీద కొలిచిన నక్షత్రాలు ఏడు లక్షలకు పైనే.

ఇక ఈ మధ్య జరిగిన సంగతి. మాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే, కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాం.

ఆండ్రోమెడా గెలాక్సీని తెలుగు పుస్తకాల్లో దేవయాని అంటారు. చీకటి ఊళ్లో అక్టోబరు, నవంబరు రాత్రుల్లో మామూలు కంటికే పలుచటి మసకలా కనిపిస్తుంది. మనకు దాదాపు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం. ఆకాశంలో ఎక్కువసార్లు ఫొటోకెక్కిన వాటిలో అదొకటి. ఇంతమంది చూసిన చోట కొత్తదేముంటుంది అనిపిస్తుంది. 2022లో ఫ్రాన్స్‌కు చెందిన యాన్ సాంటి ఆ గెలాక్సీని 106 మిల్లీమీటర్ల చిన్న టెలిస్కోపుతో ఫొటో తీశాడు. 106 మిల్లీమీటర్లంటే టీ సాసరు కన్నా చిన్న వెడల్పు. అందరూ తీసినట్టు కాకుండా, ఆక్సిజన్ వాయువు విడుదల చేసే 500.7 నానోమీటర్ల నీలి-ఆకుపచ్చ వెలుగును మాత్రమే లోపలికి వదిలే ఫిల్టరు కూడా పెట్టాడు. అలా అనేక రాత్రులు, అన్ని ఫిల్టర్లూ కలిపి 100 గంటలకు పైగా వెలుగు సేకరించారు. మరో ఫ్రెంచి ఔత్సాహికుడు గ్జావియే స్ట్రోట్‌నర్, జర్మనీకి చెందిన మార్సెల్ డ్రెక్స్‌లర్ ఆ పనిలో తోడున్నారు. ఫొటోలన్నిటినీ కలిపి చూస్తే గెలాక్సీ పక్కన ఒక నీలి చాపం. పొడవు డిగ్రీన్నర, అంటే మూడు పున్నమి చంద్రుల్ని వరసగా పేర్చినంత. అప్పటివరకు ఏ పటంలోనూ అది లేదు.

పెద్ద టెలిస్కోపులకు ఎందుకు దొరకలేదు? అవి ఒకసారికి ఆకాశంలో చాలా చిన్న ముక్కనే చూస్తాయి. ఇదేమో వెడల్పుగా పరుచుకున్న బహు పలుచని వెలుగు. పైగా ఆ ఒక్క రంగులో అన్ని గంటలు అటే చూస్తూ కూర్చునే తీరిక అక్కడ ఎవరికుంటుంది?

ఇలాంటిది కనిపిస్తే మొదట రావలసింది సంతోషం కాదు, అనుమానం. లెన్సు లోపల ఏదో వెలుగు తిరిగి పడి ఉండవచ్చు, ఫిల్టరులో లోపం ఉండవచ్చు, కంప్యూటర్‌లో బొమ్మను సాగదీసినప్పుడు పుట్టిన మచ్చ కావచ్చు. అందుకే వేరే దేశంలో, వేరే టెలిస్కోపులతో, అదే రంగు వెలుగులో మళ్లీ తీయించారు. చాపం అదే చోట కనిపించింది. అప్పుడు వృత్తి శాస్త్రవేత్తలతో కలిసి 2023 జనవరిలో పరిశోధన పత్రం ప్రచురించారు. ఆ ఫొటోకు ఆ ఏడాది గ్రీనిచ్ రాయల్ అబ్జర్వేటరీ పోటీలో మొదటి బహుమతి వచ్చింది. ఆ చాపం ఆండ్రోమెడా దగ్గరే ఉందా, లేక మన పాలపుంతలోని వాయువు అటువైపు అడ్డంగా కనిపిస్తోందా అన్నది తర్వాత చర్చకు వచ్చింది. మన పాలపుంతలోనిదే కావచ్చని కొందరు శాస్త్రవేత్తల అభిప్రాయం. ఏదైతేనేం, ఏ ఫిల్టరు, ఎన్ని గంటలు అన్న వివరం లేకపోతే రెండోవారు దాన్ని మళ్లీ తీయగలిగేవారు కాదు. బొమ్మ ఎంత బాగున్నా రుజువు అయ్యేది కాదు.

కెనడాలో అల్బర్టా రాష్ట్రపు ధ్రువకాంతి వేటగాళ్లది ఇంకో కథ. ఆకాశంలో తూర్పు నుంచి పడమరకు సన్నగా సాగే ఊదారంగు పట్టీని వాళ్లు ఏళ్ల తరబడి ఫొటోలు తీస్తూనే ఉన్నారు. దానికి వాళ్లు పెట్టుకున్న శాస్త్రీయమైన పేరు తప్పని కాల్గరీ విశ్వవిద్యాలయ ఆచార్యుడొకరు చెప్పాక, ఒక కార్టూన్ సినిమాను గుర్తు చేసుకుని "స్టీవ్" అని పిలవడం మొదలుపెట్టారు. ఫొటోల మీద తేదీ, సమయం, స్థలం ఉంటే, అదే చోటి మీదుగా వెళ్లిన ఉపగ్రహం కొలతల్ని వెతికి పట్టుకోవచ్చు. ఐరోపా స్వార్మ్ ఉపగ్రహం కొలతలు చూస్తే 300 కిలోమీటర్ల ఎత్తున 25 కిలోమీటర్ల వెడల్పున వేడి వాయువు సెకనుకు 6 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతోందని తేలింది. 2018లో పరిశోధన పత్రం వచ్చింది. పేరు మాత్రం స్టీవ్‌గానే నిలిచిపోయింది.

ఇవన్నీ ఖరీదైన సామానున్నవాళ్ల సంగతులు, మన దగ్గర ఫోనే కదా అంటారా? ఫోనుతోనూ కొంత చేయవచ్చు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి కెమెరా కదలకపోయినా నక్షత్రాలు గీతలైపోతాయి. ఫోను మామూలు లెన్సుతో 10, 15 సెకన్ల వరకు తీస్తే చుక్కలు చుక్కల్లాగే ఉంటాయి. ఫోనును ఇటుకలకు ఆనించి, చేత్తో నొక్కకుండా టైమరు పెట్టాలి. ఒక్క ఫొటోతో ఆగవద్దు. నక్షత్రం వెలుగు ప్రతి ఫొటోలోనూ ఉంటుంది, సెన్సరు వల్ల వచ్చే గరుకు చుక్కలు మాత్రం ప్రతిసారీ వేరే చోట పడతాయి. 16 ఫొటోలను నక్షత్రాలు కలిసేలా ఒకదానిపై ఒకటి పేర్చి సగటు తీస్తే ఆ గరుకుదనం నాలుగో వంతుకు తగ్గుతుంది. 100 ఫొటోలైతే పదో వంతుకు. వర్గమూలాలు ఎందుకు నేర్చుకోవాలి సార్ అని అడిగేవాళ్లకు ఇది మా జవాబు. పేర్చే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి.

నాలుగో వరుస, అంటే ఏం మార్చామన్నది, చాలామంది దాటేస్తారు. మార్చడం తప్పు కాదు. హైడ్రోజన్, ఆక్సిజన్, గంధకం వెలుగులకు తమకు నచ్చిన రంగులు కేటాయించడం ఔత్సాహికుల్లో మామూలే, శాస్త్రవేత్తలూ చేస్తారు. చెప్పకుండా చేస్తేనే చిక్కు. గుడి గోపురం వెనక బండిచక్రమంత చంద్రుణ్ణి అతికించిన ఫొటోలు మనందరి ఫోన్లకూ వస్తుంటాయి. నెలవంక చీకటి భాగంలో నక్షత్రం మెరుస్తున్నట్టున్న బొమ్మ వస్తే నమ్మకండి. ఆ చీకటి భాగం కూడా చంద్రుడే, దాని వెనకున్న నక్షత్రం మనకెలా కనిపిస్తుంది? కొన్ని ఫోన్లు చంద్రుణ్ణి గుర్తుపట్టి తమంతట తామే మెరుగులు దిద్దుతాయి కూడా. అందుకే ఆ సౌకర్యాన్ని ఆపేసి తీయడం మేలని మా అభిప్రాయం.

మొదటి వరుస విషయంలో మన ఇళ్లవారికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి ఉంది. కంటోన్మెంటులోనో, ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లోనో, నేవీ క్వార్టర్లలోనో ఉండేవారు కెమెరా బయటికి తీసే ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగాలి. ఫొటో తీయకూడదన్న బోర్డున్న చోట ఆకాశమైనా సరే తీయకూడదు. ఫోనులో లొకేషన్ ఆపేయండి. ఎక్కడ అన్న వరుసలో పట్టణం పేరు, అక్షాంశం పూర్ణాంకంలో రాస్తే సరిపోతుంది. ఒక డిగ్రీ అక్షాంశం అంటే దాదాపు 111 కిలోమీటర్లు. అగస్త్య ఎత్తు లెక్కకు అది చాలు, మీ ఇల్లెక్కడో ఎవరికీ తెలియదు. సమయం విషయంలోనూ ఒక మాట. దేశమంతా ఒకే గడియారం కాబట్టి, జామ్‌నగర్‌కూ డిబ్రూగఢ్‌కూ మధ్య ఒకే నక్షత్రం నడినెత్తికి వచ్చే వేళలో గంటన్నరకు పైగా తేడా వస్తుంది. గుజరాత్ నుంచి అస్సాంకు బదిలీ అయిన మా క్లాస్‌మేట్‌కు సాయంత్రాలు అంత త్వరగా ఎందుకు చీకటి పడుతున్నాయో ఈ లెక్కతోనే అర్థమైంది.

మన దేశంలో ఈ పనికి అన్నిటికన్నా మంచి చోటు లద్దాఖ్‌లోని హాన్లే. దాదాపు 4,500 మీటర్ల ఎత్తున అక్కడ బెంగళూరు భారత ఖగోళ భౌతిక సంస్థ వారి వేధశాల ఉంది. చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్లను చీకటి ఆకాశ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. రాత్రి దీపాలు బయటికి పారకుండా చూసేదీ, వచ్చినవారికి టెలిస్కోపులో ఆకాశం చూపించేదీ అక్కడి గ్రామస్థులే. 2024 మే 10, 11 తేదీల మధ్య రాత్రి సూర్యుడి తుపాను వచ్చినప్పుడు హాన్లే కెమెరాల్లో ఉత్తర దిక్కున ఎర్రటి ధ్రువకాంతి పడింది. ఆకుపచ్చ వెలుగు 100 కిలోమీటర్ల ఎత్తు ప్రాంతంలో పుడుతుంది, అది భూమి వంపు వెనక ఉండిపోయింది. 200 కిలోమీటర్ల పైన ఆక్సిజన్ ఇచ్చే ఎరుపు ఒక్కటే అంచు దాటి మనదాకా తొంగిచూసింది. లద్దాఖ్‌లో పోస్టింగున్న ఇళ్ల పిల్లలు ఉత్తరం వైపు ఒక కన్నేసి ఉంచండి.

మిగతా ఊళ్లలో ఉన్నవారికి మా కోరిక చిన్నది. ఫిబ్రవరి మొదటి వారంలో, రాత్రి 9 గంటలు దాటాక, చంద్రుడు లేని రోజు చూసుకుని దక్షిణం వైపు నిలబడండి. పైన తళతళలాడేది సిరియస్. దానికి బాగా దిగువన, కొంచెం కుడివైపుకు ఒంటరిగా ఉన్నది అగస్త్య. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఇంచుమించు 10 డిగ్రీలు. దిగంతం నుంచి అగస్త్య ఎన్ని పిడికిళ్ల ఎత్తులో ఉందో చూసి రాసుకోండి, చెట్లో మేడలో కూడా పడేలా ఫొటో తీయండి. కింద నాలుగు వరుసలు రాసి మీ తెలుగు టీచర్‌గారికి ఇవ్వండి. వచ్చే సంచికలో తక్కువ అక్షాంశం నుంచి ఎక్కువ అక్షాంశానికి వరసగా పేర్చి వేద్దాం. దిగంతం మేడల వెనక దాగి అగస్త్య కనిపించకపోతే "కనిపించలేదు" అని రాసి, ఊరి పేరు, తేదీ, సమయం వేసి పంపండి. అదీ అచ్చు వేస్తాం.