ఎర్రరాతి లోయలో అశ్వయాత్ర

పాఠ్యభాగ పరిచయం

ఒక ప్రదేశంలోని ప్రకృతిని, చరిత్రను, ప్రజల జీవితాన్ని స్వానుభవంతో కలిపి చెప్పే రచనను యాత్రారచన అంటారు. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో 'కాన్యన్ డి షే' అనే లోయలో రాయలసీమకు చెందిన ఒక యాత్రికుడు మూడు రోజులపాటు చేసిన గుర్రపు స్వారీ ఈ పాఠ్యాంశానికి వస్తువు. దారి తెలిసినవారి వెంట నడవడంలోని విలువను రచయిత ఇందులో వివరించారు.

పాఠ్యాంశం

ఆరిజోనా రాష్ట్రపు ఈశాన్య భాగంలో చిన్లీ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊరి అంచున ఎర్రని ఇసుకరాతి గోడల మధ్య నుంచి ఒక పలుచని ఏరు వెలుపలికి వస్తుంది. 'నీరు బయటికి పారే చోటు' అని ఆ ఊరిపేరుకు అర్థం. ఆ ఏటి దారినే మేము లోపలికి వెళ్ళవలసి ఉంది.

గండికోట క్రింద పెన్నానది కోసిన రాతిగోడలను చూస్తూ పెరిగినవాణ్ణి నేను. అందుచేత లోయ అంటే నాకు కొత్తకాదు. కాని అక్కడ ఒక నియమం నన్ను కొంత చికాకుపరచింది. లోయ అడుగుభాగంలో సంచరించాలంటే అనుమతి పొందిన నవాహో మార్గదర్శి వెంట ఉండాలి. 1931లో ఈ ప్రాంతాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించినా, నేల మాత్రం నవాహో జాతివారిదే. డబ్బు చెల్లించి వచ్చిన యాత్రికుడికి ఒంటరిగా తిరిగే స్వేచ్ఛ ఎందుకు ఉండకూడదని నాకు అనిపించింది.

సూర్యోదయం కాగానే మా మార్గదర్శి గుర్రాలను సిద్ధం చేసింది. ఆమెకు అరవై ఏళ్ళు ఉంటాయి. నలుగురు యాత్రికులకు నాలుగు గుర్రాలను కేటాయించి, జీనుపట్టీలను తానే బిగించి చూసింది. నాకు ఒక జేగురురంగు గుర్రం వచ్చింది. "అంకవన్నెలో పాదం ముందుభాగం మాత్రమే ఉంచండి. మడమ క్రిందికి దించండి. పడిపోతే కాలు చిక్కుకోకూడదు. పగ్గాలు మృదువుగా పట్టుకోండి. దారి దానికి తెలుసు" అని చెప్పింది.

లోయ ముఖద్వారం వద్ద గోడల ఎత్తు 30 అడుగులకు మించదు. ముందుకు సాగినకొద్దీ అవి పెరుగుతూ పోయి, లోలోపల 1000 అడుగులను తాకుతాయి. సుమారు 28 కోట్ల సంవత్సరాల క్రితం ఇక్కడ గాలి పోగుచేసిన ఇసుకతిన్నెలే క్రమంగా రాయిగా మారాయి. ఆనాటి గాలి వీచిన దిశ నేటికీ ఆ రాతిపొరల ఏటవాలు గీతలలో కనిపిస్తుంది. ఇనుము, మాంగనీసు కలిసిన నల్లని చారలు గోడలపై నుంచి తెరలవలె జారి ఉన్నాయి.

"ఈ చోటును మేము త్సేయి అంటాం. రాతి లోపల అని అర్థం. స్పెయిన్ వారి నోట అది చెల్లీ అయింది. ఇప్పుడు అందరూ షే అని పలుకుతున్నారు" అని ఆమె వివరించింది. నవాహోలు తమను తాము 'డినే' అని చెప్పుకుంటారు. ఆ మాటకు 'ప్రజలు' అని అర్థం.

కొన్ని మైళ్ళ తరువాత లోయ రెండుగా చీలింది. మేము కుడివైపు పాయలో సాగి సాయంకాలానికి 'వైట్ హౌస్' ఎదుటికి చేరాము. నిలువు రాతిగోడలోని తొర్రలో, సుమారు 1000 ఏళ్ళ క్రితం పూర్వ ప్యూబ్లో ప్రజలు కట్టిన ఇండ్ల శిథిలాలు అవి. తెల్లని పూత పూసిన ఒక గోడవల్ల ఆ పేరు వచ్చింది. క్రీ.శ. 1300 నాటికి ఆ ప్రజలు లోయను విడిచి వెళ్ళారు. మా మార్గదర్శి ఆ శిథిలాల దగ్గరకు పోలేదు. "అవి గతించినవారి ఇండ్లు. దూరం నుంచే చూస్తాం" అన్నది. ఆ రాత్రి కాటన్‌వుడ్ చెట్ల క్రింద విడిది చేశాము.

రెండవ రోజు వెనుకకు వచ్చి, ఎడమవైపు పాయలో ప్రవేశించాము. దానికి స్పానిష్ భాషలో 'మృతుని లోయ' అని అర్థం వచ్చే పేరు ఉంది. ఏరు పెద్ద మలుపు తిరిగిన చోట మార్గదర్శి గోడవారగా చుట్టూ తిరిగి వెళ్ళింది. నా ఎదుట మాత్రం తడి ఇసుక నున్నగా, చదునుగా కనిపించింది. అడ్డంగా పోతే దూరం తగ్గుతుందనుకుని పగ్గాలను అటు తిప్పాను. నాలుగడుగులు వేసి గుర్రం ఆగిపోయింది. మడమలతో అదిలించాను. చెవులు వెనుకకు వాల్చింది గాని కదలలేదు. మరొకసారి గట్టిగా అదిలించాను.

"పగ్గాలు వదలండి!" అని ఆమె కేక వేసింది.

వదిలాను. గుర్రం తనంతట తాను వెనుకకు అడుగులు వేసి గట్టినేలకు చేరుకున్నది. ఆమె దిగివచ్చి ఒక పొడవైన కట్టెను ఆ ఇసుకలో గుచ్చింది. పైపొర పాలమీగడవలె వణికింది. కట్టె మూడడుగుల మేర సులభంగా దిగిపోయింది. అడుగు నుంచి నీరు ఉబికినప్పుడు ఇసుకరేణువుల మధ్య పట్టు సడలుతుంది. అప్పుడు చూడడానికి నేలవలె ఉన్నది బరువు మోయలేదు. అదే ఊబి.

"నిరుడు ఇక్కడే దారి ఉండేది. మంచు కరిగి వచ్చిన వరద ప్రతి సంవత్సరం ఏటిని మార్చివేస్తుంది. పటం చూసి నడిచేవారికి ఆ సంగతి తెలియదు" అన్నది ఆమె. నన్ను మందలించలేదు. గుర్రం మెడ నిమిరి ముందుకు సాగింది. నా చేతులు మాత్రం చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి. నన్ను కాపాడిన ప్రాణిని నేను రెండుసార్లు తన్నాను.

మధ్యాహ్నానికి ఒక ఎత్తైన గోడ ముందు ఆమె ఆగింది. రాతిపై వరుసగా గుర్రాలు, వాటిపై పొడవైన అంగీలు, టోపీలు ధరించిన రౌతులు. నవాహో చిత్రకారుడు గీసిన బొమ్మలు అవి. 1805 జనవరిలో ఆంటోనియో నార్బోనా నాయకత్వంలో స్పానిష్ సేన ఈ లోయలోకి వచ్చి, శిలాగ్రానికి సమీపంలోని ఒక గుహలో దాగిన నవాహోలను వందమందికి పైగా కాల్చి చంపింది. మృతులలో అత్యధికులు స్త్రీలు, పిల్లలు, వృద్ధులేనని నవాహోలు తరతరాలుగా చెప్పుకుంటారు. ఈ చిత్రం ఆనాటి సేనదేనని భావిస్తారు.

"గుర్రాలను ఈ దేశానికి తెచ్చినది స్పెయిన్ వారే. మా శత్రువులు వాటిపైనే వచ్చారు. కాని గుర్రానికి శత్రుత్వం లేదు. అది మా ఇంటిది అయింది" అన్నది ఆమె.

మరికొంత దూరం పోయాక ఒక చిన్న జొన్నచేను, దాని ప్రక్కన కొన్ని పీచు చెట్లు కనిపించాయి. 1864లో కిట్ కార్సన్ ఆధ్వర్యంలోని అమెరికా సైన్యం ఈ లోయను చుట్టుముట్టింది. పంటలను తగులబెట్టింది. వేలాది పీచు చెట్లను నరికివేసింది. ఆకలికి తాళలేక లొంగిపోయిన నవాహోలను 300 మైళ్ళకు పైగా నడిపించి, న్యూమెక్సికోలోని బాస్కే రెడోండోలో నిర్బంధించారు. ఎందరో దారిలోనే మరణించారు. 1868 జూన్ 1న జరిగిన సంధి ఫలితంగా మిగిలినవారు స్వస్థలానికి తిరిగివచ్చి మళ్ళీ మొక్కలు నాటారు.

"ఈ నేల మా అమ్మమ్మది. ఆమె నుంచి మా అమ్మకు, మా అమ్మ నుంచి నాకు వచ్చింది" అంటూ ఆమె గుర్రం దిగకుండానే ఒక చెట్టుకొమ్మను ప్రక్కకు తప్పించి మాకు దారి ఇచ్చింది. అప్పుడు గ్రహించాను. నేను విహారస్థలం అనుకున్నది ఒకరి పెరడు. ఒకరి పెరట్లోకి వెళ్ళేటప్పుడు ఆ ఇంటివారు వెంట ఉండడం ఆంక్ష కాదు, మర్యాద.

మూడవ రోజు సాయంకాలం చిన్లీ చేరాము. తోటి యాత్రికులు ఛాయాచిత్రాలు తీసుకుంటున్నారు. నేను జేగురురంగు గుర్రం జీను విప్పి, దాని వీపుపై చెమటను గోనెపట్టాతో తుడిచాను. నీళ్ళతొట్టి వరకు ఎలా తీసుకుపోవాలని ఆమెను అడిగాను.

"ముందు నడవకండి, ప్రక్కన నడవండి" అన్నది.

కఠిన పదాలు – అర్థాలు

అంకవన్నె = గుర్రపు రౌతు పాదం ఉంచే వలయం
జేగురు = ఎరుపు కలసిన మట్టిరంగు
తొర్ర = గోడలోగాని, చెట్టులోగాని ఏర్పడిన గుల్ల
విడిది = తాత్కాలిక నివాసం
నిరుడు = గడచిన సంవత్సరం
శిలాగ్రం = రాతి కొన, రాతి పైభాగం
ఆంక్ష = అడ్డంకిగా పెట్టిన నియమం

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మార్గదర్శి పట్ల రచయిత అభిప్రాయం క్రమంగా ఏ విధంగా మారిందో వివరించండి.
2. నవాహోల చరిత్రలో కాన్యన్ డి షే లోయకు గల స్థానాన్ని తెలపండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఊబి ఎట్లా ఏర్పడుతుంది? రచయిత దాని నుంచి ఏ విధంగా బయటపడ్డాడు?
2. లోయలోని రాతిగోడల స్వరూపాన్ని వర్ణించండి.

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. "కాని గుర్రానికి శత్రుత్వం లేదు."
2. "ముందు నడవకండి, ప్రక్కన నడవండి."

IV. ఈ క్రింది పదాలను విడదీసి సంధుల పేర్లు తెలపండి.
సూర్యోదయం, శిలాగ్రం, అత్యధికులు