ఎక్కడ తాగారన్నది కాదు, ఊదితే ఎంతన్నదే లెక్క

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కిందటి నెల మా బావమరిది స్నేహితులతో కలిసి యానాం వెళ్లాడు. ఒక్క స్ట్రాంగ్ బీరే తాగానంటాడు. ఎదుర్లంక వారధి దాటి బండి మీద ఇంటికొస్తుంటే పోలీసులు ఆపి ఊదించారు. మిషన్‌లో 71 చూపించింది. లైసెన్సు తీసుకుని, కోర్టుకు రావాలని కాగితం ఇచ్చారు. జరిమానా అక్కడే కడతానంటే కుదరదన్నారట. ‘నేను తూలలేదు, ఎవరినీ గుద్దలేదు. పైగా తాగింది పుదుచ్చేరి గడ్డ మీద. ఆంధ్రా పోలీసులకు ఏం సంబంధం?’ అని వాదిస్తున్నాడు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకుడు, కోనసీమ జిల్లా

జవాబు: మీ బావమరిది మూడు మాటలు అంటున్నారు. మూడింటిలో ఒక్కటీ కోర్టులో నిలవదు. అయితే ఆయనకు కొన్ని హక్కులున్నాయి. అవి కూడా చెబుతాను.

ముందు యానాం సంగతి. చుట్టూ ఆంధ్రా, మధ్యలో పుదుచ్చేరి. అక్కడ మందు ధర తక్కువ కాబట్టి కాకినాడ వైపు నుంచీ, కోనసీమ వైపు నుంచీ జనం వెళ్తుంటారు. కానీ 1988 నాటి మోటారు వాహనాల చట్టం పార్లమెంటు చేసింది. అది యానాంలోనూ, ముమ్మిడివరంలోనూ ఒక్కటే. పైగా ఇక్కడ నేరం తాగడం కాదు, తాగి బండి నడపడం. తాగింది ఏ గడ్డ మీదైనా, నడిపింది ఎదుర్లంక ఇవతల. కేసు ఇక్కడి పోలీసులదే.

ఇక ‘తూలలేదు, ఎవరినీ గుద్దలేదు’ అన్న మాటలు. చట్టంలోని 185వ సెక్షన్ మనిషి తూలాడా, ఎవరినైనా గుద్దాడా అని అడగదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉందా లేదా, అంతే చూస్తుంది. 100 మిల్లీలీటర్లంటే ఓ చిన్న టీ గ్లాసు. 30 మిల్లీగ్రాములంటే చిటికెడు ఉప్పు కన్నా బాగా తక్కువ. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో ఈ పరిమితి 80, స్వీడన్‌లో 20. అమెరికా నుంచి సెలవులకొచ్చిన మన పిల్లలు అక్కడి లెక్క ఇక్కడ వేసుకుని బండెక్కితే చిక్కే.

మరి 30 దాటాలంటే ఎంత తాగాలి? 60 కిలోల మగమనిషిని తీసుకుందాం. 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గు ఒకటి తాగితే రక్తంలో ఆల్కహాలు సుమారు 50కి చేరుతుంది. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒక్కటి పట్టిస్తే దాదాపు 100. క్వార్టరు లాగిస్తే 150 దాకా. ఒంటి తీరును బట్టి, తిన్న తిండిని బట్టి ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి. ఆడవాళ్లకు అదే పెగ్గుకు అంకె ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఒక్క బీరుకు 71 రావడంలో వింతేమీ లేదు. ‘నాది కల్లే కదా’ అనేవాళ్లకూ ఇదే మాట. పులిసిన తాటికల్లులో ఉన్నదీ ఆల్కహాలే, చట్టానికి సీసా అయినా లొట్టి అయినా తేడా లేదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఎక్కిన ఆల్కహాలు గంటకు సుమారు 15 చొప్పున మాత్రమే దిగుతుంది. మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, చన్నీళ్ల స్నానం, ఏదీ దాన్ని తొందరపెట్టలేదు. రాత్రి పదింటికి క్వార్టరు ముగించినవాడికి 150 నుంచి 30కి దిగాలంటే ఎనిమిది గంటలు పడుతుంది. అంటే పొద్దున్న ఆరు. రావులపాలెం వెళ్లాలని నాలుగింటికే అరటి గెలలు ఆటోలో వేసుకుని బయల్దేరినవాడు నిద్రలేచాడేమో గానీ, చట్టం దృష్టిలో ఇంకా మత్తులోనే ఉన్నాడు. కారు, బైకు, ఆటో, ట్రాక్టరు, అన్నిటికీ ఇదే లెక్క. బండి కదలకపోయినా, నడపడానికి ప్రయత్నించడం కూడా 185 కిందికే వస్తుంది.

ఊదమన్నప్పుడు మీ హక్కులేమిటి?

అనుమానం ఉంటే యూనిఫాంలో ఉన్న పోలీసుకు ఊదించే అధికారం ఉంది. ఊదనని మొండికేస్తే, తాగాడని అనుమానించడానికి కారణం ఉంటే వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. సరైన కారణం చూపకపోతే ఆ నిరాకరణనే కోర్టు మీకు వ్యతిరేకంగా చూస్తుంది. కాబట్టి ఊదండి. కానీ కొత్త గొట్టం పెట్టమని అడగండి. నోరు పుక్కిలించే మందో, దగ్గు మందో అప్పుడే వాడి ఉంటే ఆ సంగతి చెప్పి, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారా అని అడగండి. రీడింగు తప్పని మీకు గట్టి అనుమానం ఉంటే రక్త పరీక్ష చేయించమని కోరండి. 185 కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా రిజిస్టర్డ్ డాక్టరు చేత పరీక్ష చేయించాలి, లేదంటే విడిచిపెట్టాలి. ఇది 202వ సెక్షన్. ఈ నేరానికి బెయిలు కూడా హక్కే.

బండి విషయానికొస్తే, 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు ఒక మాట చెప్పింది. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాడన్న కారణంతో బండిని తమ దగ్గరే ఉంచేసుకునే అధికారం పోలీసులకు లేదంది. పక్కన తాగని, లైసెన్సున్న మనిషి ఉంటే బండి అతనికివ్వాలి. లేకపోతే బంధువులను పిలిపించాలి. ఎవరూ రాకపోతేనే స్టేషన్లో పెట్టాలి. ఆ తీర్పును మన రాష్ట్రంలో పాటించి తీరాలని లేదు గానీ, మన వకీలు వాదనలో చూపించుకోవచ్చు.

జరిమానా రోడ్డు మీద ఎందుకు కట్టించుకోలేదు?

చట్టం ప్రకారం ఇది అక్కడికక్కడ రాజీ చేసుకునే నేరం కాదు. మేజిస్ట్రేటు ముందే తేలాలి. మీ బావమరిదికి కాగితం ఇచ్చి పంపినవాళ్లు సరిగ్గానే చేశారు. రోడ్డు మీద డబ్బు ఇమ్మని ఎవరైనా అడిగితే అదే తప్పు. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000, లేదా రెండూ.

అందరూ జరిమానా గురించే దిగులుపడతారు. అసలు దెబ్బ లైసెన్సుకు. నేరం రుజువైతే కోర్టు ఆ మనిషిని కనీసం ఆరు నెలలు బండి నడపడానికి అనర్హుడిగా ప్రకటించాలని 20వ సెక్షన్ చెబుతోంది. ఆటో తోలేవాడికి, రొయ్యల లారీ డ్రైవరుకు అది ఆరు నెలల కూడు.

ప్రమాదం జరిగితే?

తాగి నడిపి కారు పాడుచేసుకుంటే బీమా కంపెనీ పైసా ఇవ్వకపోవచ్చు. ఢిల్లీలో ఓ కారు కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అదే తేల్చింది. ఊదించిన రీడింగు లేకపోయినా, మిగతా ఆధారాలతో తాగాడని కంపెనీ చూపించవచ్చంది. నడిపినవాడు చనిపోతే ఇంటివాళ్లకు రావాల్సిన 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా మత్తులో ఉన్నాడన్న కారణంతో ఆగిపోతుంది. ఎదుటివాడికి నష్టపరిహారం మాత్రం ఆగదు. కంపెనీ కట్టినా, బండి యజమాని నుంచి తిరిగి రాబట్టుకోమని కోర్టు ఆదేశించవచ్చు. అర ఎకరం పొలం ఆ ఒక్క రాత్రికే పోవచ్చు.

ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106 కింద ఐదేళ్ల దాకా జైలు. తాగి నడిపితే ప్రాణం పోవచ్చని తెలిసే నడిపాడని కోర్టు భావిస్తే 105 కింద పదేళ్ల దాకా. ముంబై కార్టర్ రోడ్డులో 2006లో ఫుట్‌పాత్ మీద నిద్రిస్తున్న కూలీల్లో ఏడుగురి ప్రాణం తీసిన కేసులో సుప్రీంకోర్టు 2012లో ఇదే దారి పట్టింది.

తాగినవాడొక్కడే పోతాడనీ అనుకోవద్దు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఓ బైకు డివైడరును ఢీకొని రోడ్డు మీద పడింది. దాన్ని నడిపినవాడు అక్కడే చనిపోయాడు. అతను తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. పడి ఉన్న ఆ బైకును వెనక వచ్చిన హైదరాబాద్–బెంగళూరు బస్సు ఈడ్చుకుపోయి అంటుకుంది. నిద్రలో ఉన్న ప్రయాణికుల్లో 19 మంది కాలిపోయారు.

మన డెల్టాలో ఇంకో చిక్కుంది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేను, మధ్యలో గట్టు రోడ్డు. చాలాచోట్ల అడ్డుగోడ ఉండదు. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. 60 కిలోమీటర్ల వేగంతో బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. మందు వల్ల బ్రేకు మీద కాలు అర సెకను ఆలస్యంగా పడితే 8 మీటర్లు. కాలవ అంతకన్నా దగ్గర్లోనే ఉంటుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఇచ్చిన తేదీకి కోర్టుకు తప్పకుండా వెళ్లమనండి. లైసెన్సు తీసుకున్న రసీదు, రీడింగు కాగితం దగ్గర పెట్టుకోమనండి. లైసెన్సు తిరిగొచ్చేదాకా బండి ముట్టుకోవద్దు, అనర్హుడిగా ప్రకటించాక నడిపితే అది వేరే నేరం. వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్లు, ఎస్సీ, ఎస్టీలు, మహిళలు ఉచిత న్యాయ సహాయం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు. ఫోన్ నంబరు 15100.

మీకూ ఒక మాట. బావమరిది తాగాడని తెలిసీ బండి తాళం చేతికిచ్చినవాడు 188వ సెక్షన్ కింద అదే శిక్షకు గురి కావచ్చు. సంక్రాంతికి పందేల బరి దగ్గరా, పెళ్లిళ్లలోనూ ‘ఇంకొక్కటి’ అని బలవంతం చేయడం మన వైపు మర్యాదగా చెలామణి అవుతోంది. ఎవరు బండి నడుపుతారో మొదటి గ్లాసుకు ముందే తేల్చండి. అలా తేలకపోతే వచ్చినవాడికి ఆ రాత్రి చాప, దిండు ఇచ్చి పడుకోబెట్టండి. మర్యాద అంటే అదీ.