ప్రకటనల వల – మన ఎరుక



మన కోనరావుపేట దిక్కు జానపద పాటలు చేసి యూట్యూబ్‌లో పెట్టే ఒక తమ్ముడు మొన్న నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, బెట్టింగ్ యాప్ వాళ్లు ఫోన్ చేసిన్రు. పాటకు ముందు పది సెకన్లు 'నేను గెలిచిన' అని చెబితే నలభై వేలు ఇస్తరట. నేనైతే ఆడను గదా, చెబితే తప్పా?" అని అడిగాడు. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది. ఆ ఇంటికి ఆ పైసలు తక్కువేం కావు. రేపు మీ ఇంట్లోనూ ఈ ప్రశ్న రావచ్చు. అందుకే ఈ పాఠం.

ముందు ప్రకటన మన మనసును ఎట్ల పట్టుకుంటుందో చూద్దాం. బుద్ధుడు చెప్పిన వరుస ఇది: స్పర్శ వల్ల వేదన, వేదన వల్ల తృష్ణ, తృష్ణ వల్ల ఉపాదానం. ఫోన్‌లో "వెయ్యి పెట్టు, లక్ష కొట్టు" అన్నది కంట పడుతుంది, అది స్పర్శ. లోపల హుషారు పుడుతుంది, అది వేదన. ఇక్కడ వేదన అంటే బాధ కాదు, అనుభూతి. "నాకూ కావాలె" అనుకోవడం తృష్ణ. అప్పు తెచ్చి మళ్లీ మళ్లీ ఆడటం ఉపాదానం. వేదనకూ తృష్ణకూ నడుమ మనకు సందు దొరకకుండా చేయడమే ప్రకటన పని. ఆ సందులో ఒక్క క్షణం ఆగడమే ఎరుక.

సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు జూదానికి ఆరు నష్టాలు చెప్పాడు. గెలిస్తే పగ, ఓడితే ఏడుపు, ఆస్తి కరగడం, నలుగురిలో మాట చెల్లకపోవడం, దోస్తుల చిన్నచూపు, పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రాకపోవడం. మన వాడకట్టును చూసి చెప్పినట్టే లేదా?

ఇక ప్రకటన చెప్పేవాళ్ల సంగతి. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని సినిమా నటుల మీద, యూట్యూబర్ల మీద మియాపూర్ పోలీసులు కేసు పెట్టారు. అదే ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం పైసల ఆటల ప్రకటనలకు రెండేండ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పెట్టింది. అయితే పోలీసు చూడకపోతే సరేనా? ఎవరూ చూడనప్పుడు నిలిచేదే శీలం. ఆడనివాడు "గెలిచిన" అంటే నాలుగో శీలం తప్పినట్టే. పక్కవాని నష్టంతో వచ్చే పైస సమ్యక్ ఆజీవం కాదు.

1920లో బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టినప్పుడు, పైసలిస్తామన్నా కేసరి పత్రిక దాని ప్రకటన వేయలేదు. 1943లో పూనాలో రనడే మీద ప్రసంగిస్తూ, పత్రికలు నీతి బాధ్యత వదిలి వట్టి వ్యాపారమయ్యాయని ఆయన విమర్శించారు. అప్పుడు మన మాటకు చోటు లేదు. ఇప్పుడు మన చేతిలోనే ఛానల్ ఉంది. దాన్ని మనోళ్ల కొంపలు ముంచడానికి ఇద్దామా?

తమ్ముడిని ఒక్కటే అడిగాను: "నీ మాట నమ్మి నీ చెల్లె మొగుడు ఆడితే?" రాత్రి ఫోన్ చేసి "వద్దన్న అన్నా" అన్నాడు. జయంతికి పాట చేయమని సంఘం తరఫున కొంత ఇచ్చాం. నలభై వేలు కాదు. కానీ శీలం పాటించేవాణ్ని ఒంటరిగా వదిలేస్తే అది సంఘం ఎట్లయితది?

ఈ వారం సాధన: ఏ ప్రకటన చూసినా మూడు అడగండి. ఇది నిజమా? నాకు అవసరమా? దీనివల్ల ఎవరు నష్టపోతారు? జవాబులు ఆదివారం విహారంలో అందరితో పంచుకోండి.

జై భీమ్.